ఉచిత విద్యుత్తు తరువాత ఇంధన పొదుపు: నారాయణపేట జిల్లా ప్రభుత్వ పాఠశాలలు

రాష్ట్రంలోని ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచితంగా విద్యుత్తు సరఫరా చేసే పథకం 2024 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు ప్రారంభమైంది. 27 వేలకు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు దీని పరిధిలోకి వచ్చాయి. నాటి నుండి నారాయణపేట జిల్లాలోని 13 మండలాల్లో ఏ ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుడికీ నెలనెలా విద్యుత్ బిల్లు చెల్లించవలసిన అవసరం లేదు. అయితే బిల్లు మొత్తం సున్నా అయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ యూనిట్ల ఖరీదును రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ పంపిణీ సంస్థకు చెల్లిస్తుంది. వాటి ఉత్పత్తికి మండిన బొగ్గు తాలూకు పొగ ఎప్పటివలెనే గాలిలో కలుస్తుంది. బిల్లు కనిపించని చోట పొదుపును ఎవరు గమనించాలి, ఎలా లెక్కించాలి అన్న ప్రశ్న ఈ పథకంతో పాటే ముందుకు వచ్చింది. దీనికి తోడు, ఏ మీటరూ లేని మరో ఇంధనం బడి ఆవరణలో రోజూ ఖర్చవుతోంది. అది మధ్యాహ్న భోజనం వండే పొయ్యిలోని కట్టె. విషయ అవగాహన కోసం పాత్రికేయులకు, అధికారులకు ఉపయోగపడే వివరాలు ఈ క్రింద పొందుపరచడమైనది.

బిల్లు ఉన్న రోజులు

ప్రభుత్వ పాఠశాలల విద్యుత్ కనెక్షన్లు ఎల్టీ-7(ఎ) సాధారణ వినియోగ విభాగంలో ఉంటాయి. ఉచిత సరఫరాకు పూర్వం ఈ బిల్లును పాఠశాల నిర్వహణ గ్రాంటు నుండి చెల్లించేవారు. సమగ్ర శిక్ష కింద మంజూరయ్యే ఈ గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి మారుతుంది. 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు, 100 మంది వరకు 25 వేలు, 250 మంది వరకు 50 వేలు, 1000 మంది వరకు 75 వేలు, ఆపైన లక్ష రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, చిన్నపాటి మరమ్మతులు, విద్యుత్ బిల్లు అన్నీ ఈ మొత్తంలోనే సర్దుకోవలసి వచ్చేది. గ్రాంటు ఆలస్యమైతే బకాయిలు పేరుకునేవి. బకాయిల కారణంగా కనెక్షన్ తొలగించిన సంఘటనలు రాష్ట్రంలో పలుచోట్ల చోటుచేసుకున్నాయి. ఫ్యాను తిరగని గదిలో, కంప్యూటరు తెరుచుకోని ప్రయోగశాలలో నష్టపోయింది పిల్లలే కనుక ఆ భారాన్ని తొలగించడం అవసరమైన నిర్ణయమే.

కాగా, ఆ బిల్లు మరో పని కూడా చేసేది. ఒక నెల మొత్తం ఎక్కువగా వస్తే ప్రధానోపాధ్యాయుడు కారణం వెతికేవాడు. రాత్రంతా వెలిగిన వరండా దీపమో, ఆపడం మరచిన బోరు మోటారో బయటపడేది. ఇప్పుడు సున్నా బిల్లు మీద కూడా వినియోగించిన యూనిట్ల సంఖ్య ఉంటుంది గాని, దానిని చూడవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు ఖర్చేమీ లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన మీటరు రీడింగును రిజిస్టరులో నమోదు చేసి, గత నెల అంకెతో పోల్చి చూస్తే చాలు.

యూనిట్టు వెనుక బొగ్గు

దేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో దాదాపు మూడు వంతులు బొగ్గు నుండే వస్తోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే ప్రమాణాల ప్రకారం గ్రిడ్డు నుండి ఒక యూనిట్టు వాడితే సగటున 0.7 కిలోలకు కాస్త పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడినట్టు లెక్క. సౌర, పవన, జల విద్యుత్తు వాటాను కలుపుకొని తీసిన సగటు ఇది.

ఈ ప్రాంతవాసులకు బొగ్గు విద్యుత్తు దూరపు విషయమేమీ కాదు. కృష్ణా నది తెలంగాణలో ప్రవేశించేది ఈ జిల్లాలోని కృష్ణా మండలం తంగిడి వద్దనే. అదే మండలం నుండి వంతెన దాటితే కర్ణాటకలోని శక్తినగర్‌లో 1,720 మెగావాట్ల రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దక్షిణ తెలంగాణలోనే, నల్లగొండ జిల్లా దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల సామర్థ్యంతో యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని నిర్మించారు. దానిలోని 800 మెగావాట్ల రెండవ యూనిట్‌ను 2024 డిసెంబరు 7న జాతికి అంకితం చేశారు. గ్రిడ్డులో ఏ కేంద్రం విద్యుత్తు ఏ బడికి చేరిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు గాని, బడిలో ఆదా అయిన ప్రతి యూనిట్టూ ఎక్కడో ఒక కేంద్రంలో బొగ్గు వాడకాన్ని ఆ మేరకు తగ్గిస్తుంది.

పది గదుల బడి లెక్క

అంచనాకు వీలుగా పది తరగతి గదులున్న ఒక ఉన్నత పాఠశాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. గదికి మూడు ఫ్యాన్లు, మూడు ట్యూబులైట్లు ఉన్నాయనుకుందాం. పాత తరహా సీలింగు ఫ్యాను 75 వాట్ల వరకు వాడుకుంటుంది. రోజుకు ఆరు గంటల చొప్పున, చలికాలపు దినాలను మినహాయించి ఏడాదికి 200 రోజులు తిరిగితే 30 ఫ్యాన్లకు 2,700 యూనిట్లు ఖర్చవుతాయి. పాత ట్యూబులైటు 40 వాట్లదే అయినా దాని రాగి చోక్ మరో 15 వాట్ల దాకా తింటుంది. రోజుకు మూడు గంటలు వెలిగినా 30 ట్యూబులైట్లకు ఏడాదికి 990 యూనిట్లు. రెండూ కలిపితే 3,690 యూనిట్లు, అంటే రెండున్నర టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు.

ఇదే బడిలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, బీఎల్‌డీసీ మోటారుతో పనిచేసే 30 వాట్ల ఫ్యాన్లు అమర్చితే ఖర్చు 1,440 యూనిట్లకు దిగుతుంది. వెలుతురులో, గాలిలో తేడా ఉండదు. తగ్గేది 2,250 యూనిట్లు, సుమారు 1.6 టన్నుల ఉద్గారాలు. ఈ అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. ఆయా బడుల్లో ఉన్న పరికరాల సంఖ్యను బట్టి, వాడే గంటలను బట్టి ఫలితం మారుతుంది.

ఏది ముందు మార్చాలన్న విషయంలో జాగ్రత్త అవసరం. ఎల్‌ఈడీ ట్యూబు ధర తక్కువ. యూనిట్టుకు 7 రూపాయల చొప్పున వేసుకున్నా ఒక్కో ట్యూబు ఏడాదికి దాదాపు 150 రూపాయలు మిగుల్చుతుంది. కనుక పాతవి పనిచేస్తున్నా మార్చడం లాభమే. ఫ్యాను సంగతి వేరు. ఒక్కో ఫ్యానుపై ఏడాదికి ఆదా అయ్యేది 54 యూనిట్లు, అంటే 380 రూపాయల లోపు. బీఎల్‌డీసీ ఫ్యాను ఖరీదు ఇంతకు పలు రెట్లు ఉంటుంది. పైగా బడి ఫ్యాను ఇంటి ఫ్యాను వలె రేయింబవళ్లు తిరగదు. బాగున్న ఫ్యానును తీసి పక్కన పడవేయడం కంటే, పాడైనప్పుడు లేదా కొత్త గది కట్టినప్పుడు మాత్రమే తక్కువ విద్యుత్తుతో నడిచేవి కొనడం మేలు. 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యాన్లపై ఇంధన సామర్థ్య సంస్థ నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయినందున కొనుగోలు పత్రంలో ఐదు నక్షత్రాల ఫ్యాను అని రాస్తే సరిపోతుంది. కేవలం ధర తక్కువ అన్న కారణంతో చేసే కొనుగోలు ఆ తరువాత పది, పదిహేనేళ్లు ఖజానా మీద భారం మోపుతుంది.

బోరు మోటారును ఈ లెక్కలో చేర్చలేదు. ఒక హార్స్‌పవర్ మోటారు ట్యాంకు నిండిన తరువాత కూడా రోజుకు ఒక గంట అదనంగా నడిస్తే ఏడాదికి దాదాపు 200 యూనిట్లు, వాటితో పాటు భూగర్భ జలం కూడా వృథా అవుతాయి. మెట్ట ప్రాంతమైన ఈ జిల్లాలో రెండవ నష్టమే పెద్దది. ట్యాంకు నిండగానే మోటారును ఆపే చిన్న పరికరం అమర్చడం లేదా ఒక వ్యక్తికి స్పష్టంగా ఆ బాధ్యత అప్పగించడం పరిష్కారం.

పొదుపు అనగానే ఫ్యాను ఆపడమన్న భావన కొన్నిచోట్ల ఉంది. అది సరికాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ప్రాంతం అక్షరాస్యతలో రాష్ట్రంలోకెల్లా వెనుకబడిన వాటిలో ఒకటి. పనుల కోసం తల్లిదండ్రులు వలస వెళ్లే గ్రామాలు ఇక్కడ అనేకం. ఇటువంటి చోట పిల్లలు బడిలో ఉండే వేళలను సౌకర్యంగా మార్చడమే ప్రభుత్వ ప్రథమ కర్తవ్యం. మార్చి నెల మధ్య నుండి ఒంటిపూట బడులు నడిపేది ఎండ తీవ్రత వల్లనే. పదవ తరగతి విద్యార్థులు వార్షిక పరీక్షలకు సిద్ధమయ్యేది కూడా ఆ రోజుల్లోనే. ఖాళీ గదిలో ఫ్యాను తిరగకుండా చూడాలి, పిల్లలున్న గదిలో ఫ్యాను ఆగకుండానూ చూడాలి.

పైకప్పుకు తెలుపు

ఈ ప్రాంతంలో పూర్వం రాతి గోడల మీద మట్టి మిద్దెలు ఉండేవి. ఎండకాలం లోపల చల్లగా ఉండేది. ప్రస్తుత పాఠశాల భవనాల్లో అధిక భాగం సిమెంటు కప్పు గలవి. పగలంతా పీల్చుకున్న వేడిని ఆ కప్పు మధ్యాహ్నం తరువాత గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతుంది.

దీనికి తక్కువ ఖర్చుతో కూడిన ఉపాయం కప్పుపై సూర్యరశ్మిని వెనుకకు తిప్పికొట్టే తెల్లటి పూత వేయడం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న శీతల పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2023 నుండి 2028 వరకు అమల్లో ఉండే ఈ విధానం ప్రకారం ప్రభుత్వ భవనాలకు, విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా, శీతల పైకప్పు తప్పనిసరి. 2028 నాటికి రాష్ట్రవ్యాప్తంగా 300 చదరపు కిలోమీటర్ల మేర ఇటువంటి కప్పులు ఏర్పాటు చేయాలన్నది లక్ష్యం. ఇందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదు ప్రాంతానికి, మిగిలిన 100 ఇతర ప్రాంతాలకు నిర్దేశించారు. హైదరాబాదులో 2017లో పేదల ఇళ్లపై జరిపిన ప్రయోగంలో తెల్లటి కప్పు ఉన్న ఇళ్ల లోపల ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీల మేర తక్కువగా నమోదైంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఏసీలు గల కార్యాలయంలో కప్పు చల్లబడితే విద్యుత్ యూనిట్లు తగ్గుతాయి. బడిలో ఏసీలు లేవు కనుక తగ్గే యూనిట్లు స్వల్పం. ఇక్కడ దక్కే ప్రయోజనం పిల్లలకు కలిగే ఉపశమనం. కర్బన లెక్కలు మాత్రమే చూసే నివేదికలో ఈ పని వెనుకబడుతుంది. మార్చి నెలలో మూడవ తరగతి గదిలో కూర్చున్న పిల్లవాడికి మాత్రం అన్నిటికంటే ముందు కావలసింది ఇదే. రసాయన పూతలకు నిధులు లేని చోట మంచి సున్నపు పూత కూడా పనిచేస్తుంది. కాని వానలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో, తిరిగి వేయవలసి ఉంటుంది. కప్పు కారుతున్న గదులకు ముందు మరమ్మతు, ఆ పిదప పూత.

సౌర ఫలకాలు: వరుస ముఖ్యం

2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన మన ఊరు - మన బడి కార్యక్రమం కింద 26,065 పాఠశాలల్లో 7,289 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో 12 రకాల వసతులు కల్పించాలని నాటి ప్రభుత్వం సంకల్పించింది. ఆ పన్నెండింటిలో విద్యుదీకరణ ఒకటి. 2024 నుండి మౌలిక వసతుల పనులను అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చేపడుతున్నాయి. 2025లో ప్రకటించిన స్వచ్ఛ, హరిత ఇంధన విధానం అనంతరం ప్రభుత్వ భవనాల పైకప్పులపై సౌర విద్యుత్ ఏర్పాటుకు వివరాలు సేకరించాలని రాష్ట్ర ప్రభుత్వం జిల్లా యంత్రాంగాలను ఆదేశించింది.

పొరుగునే ఉదాహరణ ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదై, ప్రస్తుతం నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలో ఉన్న కొండారెడ్డిపల్లి 2025లో సంపూర్ణ సౌర విద్యుత్ గ్రామంగా గుర్తింపు పొందింది. అక్కడ 480 ఇళ్లతో పాటు 11 ప్రభుత్వ భవనాలపై ఫలకాలు అమర్చారు. అది ముఖ్యమంత్రి స్వగ్రామం కావడం వలన నిధులు, దృష్టి రెండూ ఎక్కువగా లభించిన మాట వాస్తవమే. అయినా నల్లరేగడి, ఎర్రచెల్క నేలల ఈ మెట్ట ప్రాంతంలో ఎండకు కొదవ లేదన్న సంగతిని అది రుజువు చేసింది.

ఒక కిలోవాటు ఫలకాలకు నీడ పడని 10 చదరపు మీటర్ల స్థలం కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాదికి 1,400 యూనిట్లకు పైగా ఉత్పత్తి అవుతుంది. పైన చెప్పిన పది గదుల బడి పాత ఫ్యాన్లు, పాత దీపాలతోనే సౌర విద్యుత్తుకు వెళితే రెండున్నర కిలోవాట్లకు పైగా అవసరం. దీపాలు, ఫ్యాన్లు మార్చిన తరువాత వెళితే ఒక కిలోవాటు చాలు. కనుక ముందు పొదుపు, ఆ తరువాత ఫలకం. ఈ వరుస తలకిందులైతే పాత ఫ్యాను వృథా చేసే విద్యుత్తు కోసం కొత్త ఫలకాలు కొన్నట్టవుతుంది.

మరొక అంశం సెలవులు. బడి ఏడాదికి దాదాపు 230 రోజులు నడుస్తుంది. మిగిలిన 135 రోజులు, అందులోనూ ఎండ దండిగా కాసే మే నెల అంతా, బడికి తాళం ఉంటుంది. అంటే సంవత్సరపు సౌర ఉత్పత్తిలో మూడవ వంతుకు పైగా బడి వాడుకోలేదు. గ్రిడ్డుకు అనుసంధానించి, 2016 నాటి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం నెట్ మీటరింగ్ ఏర్పాటు చేస్తేనే ఆ యూనిట్లు ఊరికి ఉపయోగపడతాయి. బ్యాటరీలతో మాత్రమే నడిచే పాత పద్ధతి ఏర్పాట్లు బడికి అనువైనవి కావు. బ్యాటరీ పాడైన నాటితో అటువంటివి మూలకు చేరతాయి.

ఉచిత విద్యుత్తు వలన ఇక్కడ ఒక చిక్కు ఉంది. బిల్లు కట్టే ఇంటి యజమాని ఫలకం పెట్టుకుంటే లాభం అతనికే కనిపిస్తుంది. బిల్లే లేని బడికి ఫలకం వలన ఒక్క రూపాయి మిగలదు. లాభమంతా ఖజానాకు. దుమ్ము తుడవడం, కోతుల నుండి కాపాడుకోవడం మాత్రం బడి పని. నెలకు రెండుసార్లు కడగని ఫలకం ఈ దుమ్ము ప్రాంతంలో త్వరగా సామర్థ్యం కోల్పోతుంది. గ్రిడ్డుకు పంపిన యూనిట్ల విలువలో కొంత భాగాన్ని అదే పాఠశాల గ్రాంటుకు జమ చేసే పద్ధతి పరిశీలించదగినది.

పొయ్యిలోని కట్టె

ప్రభుత్వ పాఠశాలల ఇంధన వినియోగంపై వెలువడే నివేదికల్లో సాధారణంగా చోటు దక్కనిది వంటగది. ఉమ్మడి రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరి 2న మొదలైంది. 2021లో ఈ పథకం పేరు పీఎం పోషణ్‌గా మారింది. నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆపై తరగతుల వారికి 150 గ్రాములు. 200 మంది పిల్లలున్న ఉన్నత పాఠశాలలో రోజూ 30 కిలోల బియ్యం ఉడకాలి. దానికి తోడు పప్పు, కూర లేదా సాంబారు, వారంలో కొన్ని రోజులు గుడ్లు.

గ్యాస్ బండ ఉన్న వంటగదుల్లో కూడా కట్టెల పొయ్యి వెలుగుతుండటం కనిపిస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో పదో వంతు నుండి ఆరో వంతు వరకే గిన్నెకు చేరుతుంది. గ్యాస్ పొయ్యిలో సగానికి పైగా చేరుతుంది. ఒక కిలో ఎండు కట్టె కాలితే ఒకటిన్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కంది కట్టె, పత్తి కట్టె, సర్కారు తుమ్మ తిరిగి మొలిచేవే కనుక ఆ వాయువును మళ్లీ మొక్క పీల్చుకుంటుందన్న వాదనలో కొంత నిజం ఉంది. కాని నరికిన వేప మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. మసి విషయంలో ఆ వాదనకు చోటే లేదు. అది ముందుగా చేరేది వంట చేసే మహిళల ఊపిరితిత్తులకు, ఆపై పక్క గదిలోని పిల్లలకు.

ఇంతకూ కట్టె ఎందుకు? పథకంలో ఒక్కో భోజనానికి చెల్లించే వంట ఖర్చులోనే పప్పు, కూరగాయలు, నూనె, మసాలా దినుసులతో పాటు ఇంధనం కూడా కలిసి ఉంటుంది. ఆ మొత్తంతో సరుకులు తెచ్చి వండవలసింది వంట బాధ్యతలు చూసే స్వయం సహాయక సంఘాల మహిళలు. కూరగాయల ధర పెరిగినప్పుడు వారు తగ్గించుకోగలిగింది ఇంధనం ఒక్కటే. గ్యాస్‌కు డబ్బు పెట్టాలి, కట్టె చేను గట్టున దొరుకుతుంది. అందువలన బండ ఒక మూలన ఉండి పొయ్యి వెలుగుతుంది. బిల్లులు అందడం ఆలస్యమైన నెలల్లో ఇది మరీ ఎక్కువ.

రెండు ఇంధనాలను పక్కపక్కన పెట్టి చూస్తే వ్యత్యాసం తెలుస్తుంది. మీటరు ఉన్న విద్యుత్తుకు బడి ఏమీ చెల్లించనవసరం లేదు. పొదుపు చేయవలసిన గ్యాస్‌కు మాత్రం బడిలో అందరికంటే తక్కువ ఆదాయం గల మహిళ తన చేతి నుండి పెట్టుబడి పెడుతోంది. ఇంధనపు ఖర్చును వంట ఖర్చు నుండి విడదీసి, విద్యార్థుల సంఖ్యను బట్టి గ్యాస్ బండలను నేరుగా బడికే సరఫరా చేస్తే కట్టెల వాడకం దానంతట అదే తగ్గుతుంది. ఇందుకు విధాన నిర్ణయం అవసరం. ఆ లోపు జిల్లా స్థాయిలో చేయదగినవి ఉన్నాయి. బియ్యాన్ని, పప్పును వండే ముందు నానబెట్టడం, గిన్నెపై మూత ఉంచడం, పెద్ద ప్రెషర్ కుక్కర్లు సమకూర్చడం, కట్టె తప్పని చోట పొగగొట్టంతో కూడిన మెరుగైన పొయ్యి కట్టించడం. కట్టెను తడవకుండా కప్పు కింద నిల్వ చేసినా వాడకం తగ్గుతుంది. తడి కట్టె తన వేడిలో కొంత భాగాన్ని తన నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు చేస్తుంది.

వసతి గల విద్యాలయాలు

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, గురుకులాలు, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో లెక్క వేరు. రాత్రి దీపాలు, మూడు పూటల వంట, స్నానాలకు వేడినీరు ఉంటాయి. వేడినీటికి విద్యుత్ గీజర్ల కంటే సౌర నీటి హీటర్లు మేలు. 100 లీటర్ల హీటరు ఏడాదికి 1,500 యూనిట్ల వరకు ఆదా చేయగలదని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ అంచనా. ఏడాది పొడవునా ఎక్కువ రోజులు తెరిచి ఉంటాయి కనుక సౌర ఫలకాలకు కూడా ముందుగా ఎంపిక చేయదగినవి ఇవే.

ఎవరి చేతిలో ఏముంది

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షత వహిస్తారు. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనర్. దీపాల మార్పు, వైరింగు మరమ్మతు, వంటగది పనులు ఈ కమిటీ పరిధిలోకి వస్తాయి. వంట చేసేది కూడా స్వయం సహాయక సంఘాల మహిళలే కనుక పొయ్యి సమస్యను ఆ కమిటీ కంటే బాగా ఎరిగిన వారు లేరు. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య ఆధ్వర్యంలోని పెట్రోలు బంకును ముఖ్యమంత్రి ప్రారంభించారు. లీటరు లెక్కన ఇంధనం అమ్మి, రోజువారీ ఖాతా సరిచూసే సామర్థ్యం ఈ సంఘాలకు ఉందన్నమాట. బడి మీటరు ఖాతా వారికి కష్టమేమీ కాదు.

పిల్లల వైపు నుండి జాతీయ హరిత దళం ఉంది. 2001-02లో మొదలైన ఈ కార్యక్రమం కింద పాఠశాలల్లో పర్యావరణ క్లబ్బులు నడుస్తున్నాయి. మొక్కలు నాటడంతో పాటు, నెలవారీ రీడింగు తీసి నోటీసు బోర్డుపై రాసే పనిని ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలకు అప్పగించవచ్చు. గణిత ఉపాధ్యాయుడికి దండవలయ చిత్రాలు నేర్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. కృష్ణా, మాగనూరు వంటి సరిహద్దు మండలాల్లో కన్నడ మాధ్యమ పాఠశాలలు, పట్టణాల్లో ఉర్దూ మాధ్యమ పాఠశాలలు ఉన్నందున సూచనల పత్రాలను ఆ భాషల్లో కూడా ముద్రించవలసి ఉంటుంది. తెలుగులో మాత్రమే పంపిన సర్క్యులర్ అక్కడ గోడకే పరిమితమవుతుంది.

మండల విద్యాధికారులు నెలకొకసారి తమ పరిధిలోని బడుల యూనిట్లను ఒకే పట్టికలో చూసుకుంటే, విద్యార్థుల సంఖ్యతో పోల్చినప్పుడు అసాధారణంగా ఎక్కువ వాడుతున్న బడులు బయటపడతాయి. అటువంటి చోట ముందుగా అనుమానించవలసింది ఉపాధ్యాయుల నిర్లక్ష్యాన్ని కాదు. పాత వైరింగులో లీకేజీ, పాడైన మీటరు, బడి తీగ నుండి బయటివారు లాక్కున్న కనెక్షన్ ఇవన్నీ సాధ్యమే. వీటిని సరిచూడవలసింది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది. ఉచిత సరఫరా పథకం ప్రారంభించిన రోజునే విద్యాసంస్థల బిల్లుల కోసం ప్రత్యేక పోర్టల్‌ను కూడా అందుబాటులోకి తెచ్చారు కనుక సమాచారం కోసం కొత్త వ్యవస్థ అవసరం లేదు.

ఇందుకు అనువైన తొలి పరీక్ష వేసవి సెలవులే. ఏప్రిల్ చివరి వారంలో బడి మూసే రోజున ఒకసారి, జూన్‌లో తిరిగి తెరిచే రోజున ఒకసారి మీటరు రీడింగు రాసుకోవాలి. మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసిన బడిలో ఆ రెండు అంకెలూ ఒకటే కావాలి. తేడా ఉన్న బడుల జాబితాను జూన్ నెలలోనే విద్యుత్ సిబ్బందికి అందజేస్తే వానలు ముదరకముందే వైరింగు తనిఖీ పూర్తవుతుంది.